జోటెరోలో ఏపీఏ నుంచి వాంకూవర్‌కి మార్చాక రిఫరెన్స్ లిస్టు గందరగోళం: ఎక్కడ దిద్దాలి?

నాచు_పచ్చ
అందరికీ నమస్కారం. మైక్రోబయాలజీ మాన్యుస్క్రిప్టు ఒకటి ఏపీఏ స్టైల్లో (వాక్యంలో రచయిత పేరు, సంవత్సరం ఇచ్చే పద్ధతి) రెడీగా ఉంది. ఇప్పుడు పంపాల్సిన పత్రిక వాంకూవర్ అనే అంకెల పద్ధతి అడుగుతోంది. వాక్యంలో సూపర్‌స్క్రిప్టు అంకె ఉండాలి. లిస్టులో మొదటి ఆరుగురు రచయితలు, ఆపైన ఉంటే ఎట్ ఆల్ (తదితరులు). పత్రిక పేరు కుదించి రాయాలి, డీఓఐ (పేపరుకిచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) తప్పనిసరి. రిఫరెన్సులు పేర్చే జోటెరో సాఫ్ట్‌వేరు ప్లగిన్‌ని వర్డ్‌లో వాడుతున్నాం. స్టైల్ మార్చగానే అంకెలైతే వచ్చాయి గానీ లిస్టు ఇలా తయారైంది:

– కొన్ని పత్రికల పేర్లు పూర్తిగా, కొన్ని కుదించి
– కొన్ని శీర్షికల్లో ప్రతి మాటకీ క్యాపిటల్ లెటర్
– బ్యాక్టీరియా పేర్లకి ఇటాలిక్స్ పోయాయి
– ప్రపంచ ఆరోగ్య సంస్థ కాస్తా "ఆర్గనైజేషన్ డబ్ల్యూహెచ్" అయింది
– 17వ రిఫరెన్సు లిస్టులో ఉంది, వాక్యాల్లో ఎక్కడా కనిపించడం లేదు
– ఒకే పేపరు 9గా, మళ్ళీ 31గా వచ్చింది

కో-ఆథర్ గారు "ప్లగిన్ తీసేసి వర్డ్‌లో చేత్తో దిద్దేద్దాం" అంటున్నారు. అది మంచిదేనా? లేకపోతే ఏ వరుసలో మొదలుపెట్టాలి?

ప్రూఫుల_పంతులు
చేత్తో దిద్దకండి. పేపరు రివిజన్‌కి వచ్చి, రివ్యూయరు అడిగారని మధ్యలో ఒక రిఫరెన్సు చేర్చిన రోజున ఆ కింద అంకెలన్నీ మళ్ళీ మార్చుకోవాలి. టేబుళ్ళలో ఉన్నవాటితో సహా.

మీ లక్షణాలు చూస్తే ఇంకో సంగతి తెలుస్తోంది. ఏపీఏ ఫైల్లో ఆరోగ్య సంస్థ పేరు, ఇటాలిక్స్ సరిగ్గా కనిపించేవంటే, ఎవరో వర్డ్‌లో లిస్టు మీదే నేరుగా దిద్దారన్నమాట. లిస్టు అంతా ఒక ఫీల్డు, అంటే జోటెరో తనే నింపే చోటు. స్టైల్ మార్చినా, రిఫ్రెష్ నొక్కినా జోటెరో దాన్ని లైబ్రరీలోంచి మళ్ళీ కొత్తగా రాస్తుంది. చేత్తో దిద్దినవన్నీ అక్కడితో సరి. స్టైల్ ఫైలు చేసే పనల్లా ఏ గడిలో ఏముందో తీసి వరుసలో పేర్చడమే. గడిలో ఉన్నది తప్పైతే ఏ స్టైలైనా ఆ తప్పునే పేరుస్తుంది. కాబట్టి దిద్దడమంతా జోటెరో లైబ్రరీలో జరగాలి, వర్డ్‌లో కాదు.

మొదలుపెట్టే ముందు మూడు పనులు చూసుకోండి.

ఫైలుకి కాపీ తీసి పక్కన పెట్టండి.

పత్రిక సూచనలు మరోసారి చదవండి. మొదటి సమర్పణకి ఏ స్టైలైనా ఫర్వాలేదు, లిస్టంతా ఒకే తీరుగా ఉంటే చాలనే పత్రికలు చాలానే ఉన్నాయి. ఎల్సెవియర్ వాళ్ళ "యువర్ పేపర్ యువర్ వే" అలాంటిదే. అటువంటి చోట స్టైల్ కోసం ఇప్పుడే కుస్తీ పట్టక్కర్లేదు. డేటా శుభ్రం చేసి పంపేయొచ్చు.

మూడోది, ఉత్త "వాంకూవర్" అని ఉన్నది తీసుకోకుండా జోటెరో స్టైల్ రిపాజిటరీలో మీ పత్రిక పేరుతోనే వెతకండి. పదివేలకి పైగా ఉన్నాయి. పేరు దొరక్కపోతే సీఎస్ఎల్ (జోటెరో స్టైల్ ఫైళ్ళ భాష) స్టైల్ ఎడిటర్ సైటులో ఉదాహరణ ఇచ్చి వెతికే సదుపాయం ఉంది. ఆ పత్రిక తాజా సంచికలో రిఫరెన్సు ఎలా ఉందో అలాగే టైపు చేస్తే దగ్గరగా ఉన్న స్టైళ్ళు చూపిస్తుంది.

వాంకూవర్ అన్నది ఒక్కటే రూపం కాదండీ. 1978లో వాంకూవర్‌లో సమావేశమైన సంపాదకుల బృందంతో మొదలైంది గానీ ఇప్పుడు ఒక్కో పత్రిక ఒక్కో రకంగా వాడుతుంది. అంకె బ్రాకెట్లోనా సూపర్‌స్క్రిప్టా, సంచిక నంబరు ఉండాలా వద్దా, ఎంతమంది తర్వాత ఎట్ ఆల్, అన్నీ మారతాయి. దాని దగ్గరి చుట్టం ఏఎంఏ (అమెరికన్ మెడికల్ అసోసియేషన్ స్టైల్) 11వ ఎడిషన్‌లో ఆరుగురి దాకా అందరినీ రాస్తారు, ఏడుగురైతే మొదటి ముగ్గురినే రాసి ఎట్ ఆల్ పెడతారు. రెండూ కలిపేసి వాడితే టెక్నికల్ చెక్‌లోనే తిరిగొస్తుంది.

గోదారి_గట్టు
లైబ్రరీ వైపు నుంచి పత్రికల పేర్ల సంగతి చెప్తాను.

వర్డ్‌లో జోటెరో ట్యాబు, డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్ తెరవండి. కుదించిన పేర్లు వాడే స్టైలైతే కింద "యూజ్ మెడ్‌లైన్ జర్నల్ అబ్రీవియేషన్స్" అనే టిక్కు పెట్టె కనిపిస్తుంది. టిక్కు ఉంటే ఐటమ్‌లోని "జర్నల్ ఆబ్‌ర్" గడిని జోటెరో పట్టించుకోదు, పత్రిక పూర్తి పేరు చూసి తనే కుదిస్తుంది. టిక్కు తీసేస్తే ఆ గడిలో ఏముంటే అది వేస్తుంది, ఖాళీగా ఉంటే పూర్తి పేరు వేస్తుంది. మీ లిస్టులో రెండు రకాలూ కలిసున్నాయంటే టిక్కు లేదు, సగం ఐటమ్స్‌లో ఆ గడి ఖాళీ.

టిక్కు పెట్టినంత మాత్రాన అయిపోదు. పూర్తి పేరు గడిలోనే ఎవరో ముందే కుదించిన పేరు పెట్టి ఉంటే, లేదా స్పెల్లింగు తప్పుంటే, ఆ తప్పే బయటికొస్తుంది. మెడ్‌లైన్ (వైద్య పత్రికల డేటాబేసు) జాబితాలో లేని పత్రికలకి మాటమాటకీ కుదించి అల్లేస్తుంది, మన దేశం పత్రికల్లో కొన్నిటికి తేడా అక్కడే వస్తుంది. అనుమానం ఉన్నవి ఎన్ఎల్ఎం (అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం) క్యాటలాగులో పేరుతో వెతికి సరిచూసుకోండి. ఊహించి కుదించొద్దు.

గుర్తుంచుకోవాల్సినవి: ఒకే మాట ఉన్న పేరుని కుదించరు. నేచర్, సెల్ లాంటివి అలాగే ఉంటాయి. ఎన్ఎల్ఎం పద్ధతిలో కుదించిన మాటల తర్వాత చుక్కలు ఉండవు, ఐఎస్ఓ 4 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో ఉంటాయి. రెండిట్లో పత్రిక ఏది అడుగుతోందో చూసుకోండి.

మొత్తం రూపం ఒకసారి పరీక్షగా చూడండి. ప్రొటీన్ కొలతకి అందరూ ఇచ్చే లౌరీ పేపరుని తీసుకుంటే, రచయితలూ శీర్షికా అయ్యాక:

జె బయాల్ కెమ్. 1951;193(1):265-75.

పత్రిక పేరు తర్వాత చుక్క, ఖాళీ, సంవత్సరం. అక్కణ్ణుంచి చివరి దాకా ఎక్కడా ఖాళీ లేదు. సంవత్సరం తర్వాత సెమీకోలన్, సంపుటి, దానికి అంటుకుని బ్రాకెట్లో సంచిక, కోలన్, పేజీలు. చివరి పేజీలో మొదటి పేజీతో కలిసే అంకెలు వదిలేస్తారు, అందుకే 275 కాస్తా 75 అయింది. ఈ కత్తిరింపు స్టైలే చేసుకుంటుంది. లైబ్రరీలో మాత్రం పూర్తిగా 265-275 అనే ఉంచండి. గడిలోనే 75 అని కొడితే, రేపు పూర్తి పేజీలు అడిగే పత్రికకి వెళ్ళినప్పుడు అది వెనక్కి రాదు.

పెట్రిడిష్
శీర్షికల క్యాపిటల్స్: లైబ్రరీలో ఎప్పుడూ సెంటెన్స్ కేసులోనే ఉంచాలి. అంటే మొదటి మాట, విశేష నామాలు, డీఎన్ఏ లాంటివి మాత్రమే క్యాపిటల్. ప్రతి మాటకీ క్యాపిటల్ కావాలనే స్టైల్ తనే పెంచుకోగలదు, తిరిగి దించడం మాత్రం నమ్మకంగా చేయలేదు. ఏది పేరో ఏది మామూలు మాటో దానికెలా తెలుస్తుంది?

శీర్షిక గడి మీద రైట్ క్లిక్ చేసి "సెంటెన్స్ కేస్" ఎంచుకోండి. తర్వాత ఒక్కొక్కటీ కళ్ళతో చూడండి. ప్రజాతి పేరు మొదటి అక్షరం, జీన్ల పేర్లు, ఊళ్ళ పేర్లు ఇక్కడే పాడవుతాయి. జాతి పేరు, అంటే రెండో మాట, ఎప్పుడూ చిన్న అక్షరమే. పబ్లిషర్ సైటులో శీర్షికంతా క్యాపిటల్స్‌లో ఉంటే అదే రూపంలో దిగుమతి అయి ఉంటుంది.

ఇటాలిక్స్: శీర్షిక గడిలో బ్యాక్టీరియా పేరుకి ముందూ వెనకా హెచ్‌టీఎంఎల్ ఇటాలిక్ ట్యాగు పెట్టాలి. కోణాకారపు బ్రాకెట్లలో చిన్న "ఐ", మూసేచోట దాని ముందు ఒక స్లాష్. సబ్‌స్క్రిప్టుకీ సూపర్‌స్క్రిప్టుకీ ఇలాంటి ట్యాగులే ఉన్నాయి. ఒకసారి పెడితే ఏ స్టైల్‌కి మార్చినా పోవు. "స్పీషీస్" అని సూచించే ఎస్‌పీ, ఎస్‌పీపీ ట్యాగు బయట ఉండాలి, అవి ఇటాలిక్ కాదు.

పని తగ్గే దారి ఒకటుంది. బయోమెడికల్ పేపర్లని డీఓఐతో కాకుండా పబ్‌మెడ్ (వైద్య పేపర్లు వెతికే డేటాబేసు) ఐడీతో దిగుమతి చేసుకోండి. మంత్రదండం బొమ్మ నొక్కి ఆ అంకె ఇస్తే చాలు. పబ్‌మెడ్‌లో శీర్షికలు సెంటెన్స్ కేసులోనే ఉంటాయి, కుదించిన పత్రిక పేరు కూడా వచ్చేస్తుంది. ఇటాలిక్ ట్యాగులు మాత్రం మనమే చూసుకోవాలి.

కొలిమి
ఆరోగ్య సంస్థ విషయం సులువు. రచయిత గడి పక్కన ఇంటిపేరు, పేరు అని రెండు గడుల్ని ఒకటి చేసే చిన్న బొత్తం ఉంటుంది. అది నొక్కి సంస్థ పేరు మొత్తం ఒకే గడిలో పెట్టండి. ఐసీఎంఆర్, సీఎల్ఎస్ఐ (ల్యాబు ప్రమాణాల సంస్థ), మంత్రిత్వ శాఖలు, అన్నిటికీ ఇదే.

మైక్రోబయాలజీ అన్నారు కాబట్టి ఒక మాట. యాంటీబయాటిక్ సెన్సిటివిటీ ఫలితాలుంటే సీఎల్ఎస్ఐ ఎం100 పత్రాన్ని ఇచ్చే ఉంటారు. అది ఏటా మారుతుంది. 30వ ఎడిషన్ 2020ది, 34వది 2024ది. బ్రేక్‌పాయింట్లు (మందు పనిచేస్తుందో లేదో తేల్చే హద్దులు) ఏ ఎడిషన్ చూసి నిర్ణయించారో ఆ ఎడిషనే లిస్టులో ఉండాలి. పాత పేపరు నుంచి రిఫరెన్సు ఎత్తుకొచ్చి, మెథడ్స్‌లో ఒక సంవత్సరం, లిస్టులో ఇంకో సంవత్సరం ఉంచేస్తే రివ్యూయర్లు ఠక్కున పట్టేస్తారు. అది ఫార్మాటింగ్ తప్పుగా కాదు, పద్ధతిలో తప్పుగా లెక్కేస్తారు.

వెబ్ పేజీలకి, నివేదికలకి వాంకూవర్‌లో చూసిన తేదీ కావాలి. "యాక్సెస్డ్" గడి ఖాళీగా ఉంటే ఆ ముక్క రాదు. థీసిస్ ఇస్తే ఐటమ్ టైప్ "థీసిస్" పెట్టి, "టైప్" గడిలో పీహెచ్‌డీ అని, విశ్వవిద్యాలయం, ఊరు నింపండి. ఉస్మానియా, ఆంధ్ర లాంటి విశ్వవిద్యాలయాల థీసిస్‌లు శోధగంగలో (మన దేశం థీసిస్‌ల ఆన్‌లైన్ భండారం) దొరికితే అక్కడి హ్యాండిల్ లింకు ఇవ్వండి. బ్రౌజరు పైన కనిపించే పొడుగాటి చిరునామా వద్దు. అది ఎప్పుడైనా మారొచ్చు, హ్యాండిల్ నిలుస్తుంది.

ప్రూఫుల_పంతులు
ఇక 17వ నంబరు, 9-31 జంట.

17: ట్రాక్ ఛేంజెస్ ఆన్‌లో ఉండగా ఎవరో ఆ సైటేషన్ ఉన్న వాక్యం కొట్టేశారు. మన కంటికి అది పోయింది, ఫైల్లో మాత్రం ఫీల్డు ఇంకా అక్కడే ఉంది. జోటెరో దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. రివ్యూ ట్యాబులో "ఆల్ మార్కప్" పెట్టి చూస్తే ఎర్రగీతతో కనిపిస్తుంది. ఆ మార్పుని యాక్సెప్ట్ చేసి రిఫ్రెష్ నొక్కండి. 18 వచ్చి 17లో కూర్చుంటుంది. వాక్యంలో లేని నంబరు లిస్టులో కనిపిస్తే నేను మొట్టమొదట చూసేది ఇదే.

9, 31: రెండు కారణాలుంటాయి. మీ లైబ్రరీలోనే పేపరు రెండుసార్లు ఉంటే ఎడమవైపు "డూప్లికేట్ ఐటమ్స్"లోకి వెళ్ళి మెర్జ్ చేయండి. ఒకదాన్ని డిలీట్ చేయడం వేరు, మెర్జ్ చేయడం వేరు. మెర్జ్ చేస్తే పాత ఐటమ్‌ని ఉదహరించిన ఫీల్డు కొత్తదాన్ని వెతుక్కుంటుంది. డిలీట్ చేస్తే ఆ ఫీల్డుకి లైబ్రరీతో సంబంధం తెగిపోతుంది. ఇక మీరు లైబ్రరీలో ఎంత దిద్దినా ఆ ఒక్క రిఫరెన్సు మారదు.

రెండో కారణం ఎక్కువగా చూస్తాం. మీరు మీ లైబ్రరీలోంచి, కో-ఆథర్ గారు వాళ్ళ లైబ్రరీలోంచి అదే పేపరుని పెట్టారు. అక్షరం తేడా లేకపోయినా జోటెరోకి అవి రెండు వేర్వేరు ఐటమ్స్, ఎందుకంటే అది గుర్తుపట్టేది శీర్షికతో కాదు, లైబ్రరీలోని ఐటమ్ చిరునామాతో. దీనికి మెర్జ్ పనిచేయదు. ఒక గ్రూప్ లైబ్రరీ తెరిచి, రిఫరెన్సులన్నీ అందులో వేసి, ఇద్దరూ అక్కణ్ణుంచే సైట్ చేయాలి. ఇప్పటికే పెట్టిన 31ని తీసేసి, గ్రూపులోని ఐటమ్‌తో మళ్ళీ పెట్టండి.

అన్నట్టు, కో-ఆథర్ లిబ్రేఆఫీస్ వాడుతుంటే ముందే చెప్పండి. అక్కడ మామూలుగా తెరిచి డాక్స్‌గా సేవ్ చేస్తే ఫీల్డులు మామూలు అక్షరాలైపోతాయి. డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో "స్విచ్ టు ఎ డిఫరెంట్ వర్డ్ ప్రాసెసర్" ద్వారా పంపాలి.

నాచు_పచ్చ
17 దొరికింది, పంతులు గారూ. ఎర్రగీత కిందే ఉంది. 31 మా కో-ఆథర్ లైబ్రరీదే. గ్రూపు తెరుస్తున్నాం.

ఇంకొకటి అడగడం మర్చిపోయాను. మన తెలుగువాళ్ళ పేర్లు. ఒకే ఆయన ఒక పేపర్లో "రావు కేఎస్", ఇంకో పేపర్లో "శ్రీనివాసరావు కే" అని వస్తున్నారు. ఇంటిపేరు ఏదో మనకి తెలుసు కదా, అన్నిచోట్లా ఒకేలా మార్చేయొచ్చా?

గోదారి_గట్టు
మార్చొద్దు. ఆ పేపరు మీద ఎలా అచ్చయిందో, పబ్‌మెడ్‌లో ఎలా ఇండెక్స్ అయిందో అలాగే ఉండాలి. రిఫరెన్సు పని చదివేవాడిని ఆ పేపరు దగ్గరికి చేర్చడం. రచయిత అసలు ఇంటిపేరు నిర్ధారించడం దాని పని కాదు.

మన పేర్లతో చిక్కేమిటంటే, ఇంటిపేరు ముందొస్తుంది, అదీ పొడి అక్షరంగా. చివర్లో ఉన్న రావు, రెడ్డి, శాస్త్రి ఇంటిపేర్లు కావు. పాశ్చాత్య పద్ధతి చివరి మాటనే ఇంటిపేరుగా పట్టుకుంటుంది. గణాంక శాస్త్రంలో అందరూ ఇచ్చే సీ.ఆర్. రావు గారి 1945 పేపరు చూడండి, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్ 37వ సంపుటిలోది. లిస్టుల్లో అది "రావు సీఆర్" కిందే ఉంటుంది. ఇంటిపేరు కల్యంపూడి మాత్రం ఉత్త "సీ"గా మిగిలింది. మనకి తెలుసు కదా అని "కల్యంపూడి ఆర్ఆర్" అని దిద్దితే ఏ డేటాబేసులోనూ దొరకదు.

మీ రంగంలోనే ఇంకోటి. ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి, 1925, జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటి, 375-400 పేజీలు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. ఆయన ఇంగ్లీషులో చివర "డబ్ల్యూ"తో, రావు బదులు "రో" అని రాసుకునేవారు. కాబట్టి ఆ స్పెల్లింగే ఉంచాలి, "సుబ్బారో వై" అన్నమాట. మనవాళ్ళు తెలిసిన పేరు కదా అని "రావు"గా మార్చేస్తుంటారు. ఇంకొందరు పేరుని మధ్యలో విడదీసి టైపు చేస్తారు. అలా విడదీసి ఒకే వరుసలో పేస్ట్ చేస్తే సాఫ్ట్‌వేరు చివరి ముక్కని ఇంటిపేరుగా తీసుకుని "రో వైఎస్"గా మార్చేస్తుంది. జోటెరోలో చివరి పేరు గడిలో "సుబ్బారో" మొత్తం, మొదటి పేరు గడిలో "యల్లాప్రగడ" అని ఉందో లేదో చూడండి.

మీ ఉదాహరణలో కూడా అంతే. "శ్రీనివాసరావు కే" అని వచ్చిన పేపరుకి చివరి పేరు గడిలో మొత్తం పేరు, "రావు కేఎస్" అని వచ్చినదానికి ఉత్త రావు. ఒకే మనిషి రెండు రూపాల్లో కనిపించడం తప్పేమీ కాదు.

మీ సొంత పేరు సంగతి వేరు. మొదటి పేపరుకే ఒక రూపం ఖాయం చేసుకుని, ఓఆర్‌సీఐడీ (పరిశోధకుల గుర్తింపు నంబరు) తీసుకుని, ప్రతి సమర్పణకీ ఆ 16 అంకెలు ఇస్తూ పోండి. తర్వాత ఏ డేటాబేసు ఎలా కుదించినా పేపర్లన్నీ ఒకచోట చేరతాయి.

లేటెక్సు_లక్ష్మి
వర్డ్ బదులు లేటెక్స్ వాడేవాళ్ళు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి, బిబ్‌టెక్స్‌లో (లేటెక్స్‌కి రిఫరెన్సులు పేర్చే సాధనం) ఇవే జబ్బులు ఎలా కనిపిస్తాయో రాస్తున్నా.

శీర్షికలో క్యాపిటల్స్ పోతాయి, ఎందుకంటే చాలా బీఎస్‌టీ (స్టైల్) ఫైళ్ళు శీర్షికని చిన్న అక్షరాల్లోకి దించేస్తాయి. డీఎన్ఏ, ప్రజాతి పేరు, ఊరి పేరు ఇలా కాపాడాల్సిన మాట చుట్టూ మాత్రమే కర్లీ బ్రాకెట్లు పెట్టండి. శీర్షిక మొత్తానికి రెండు జతలు పెట్టేసేవాళ్ళున్నారు. అప్పుడు స్టైల్‌కి మార్చే వీలే ఉండదు. సంస్థ పేరుకి మాత్రం రెండు జతలే పెట్టాలి. లేకపోతే మళ్ళీ "ఆర్గనైజేషన్ డబ్ల్యూహెచ్".

రచయితల మధ్య కామాలు వద్దు, ప్రతి ఇద్దరి మధ్యా "అండ్" ఉండాలి. పేర్లు "ఇంటిపేరు, పేరు" వరుసలో, మధ్యలో కామాతో రాస్తే గట్టు గారు చెప్పిన గొడవలు రావు.

మొదటి వాక్యంలో మొదటి సైటేషనే 23 అని వచ్చిందంటే ప్లెయిన్ రకం స్టైల్ వాడుతున్నారు. అది అకారాది క్రమంలో పేరుస్తుంది. అన్‌సార్ట్ రకం తీసుకోండి. నాట్‌బిబ్ అనే సైటేషన్ ప్యాకేజీకి "సార్ట్ అండ్ కంప్రెస్" ఇస్తే 3,4,5 కాస్తా 3–5 అవుతుంది. ప్రశ్నార్థకాలు కనిపిస్తే లేటెక్స్, బిబ్‌టెక్స్, మళ్ళీ లేటెక్స్ రెండుసార్లు నడపండి. అప్పటికీ పోకపోతే సైటేషన్ కీలో స్పెల్లింగు తేడా.

గూగుల్ స్కాలర్ నుంచి బిబ్‌టెక్స్ తెచ్చుకునే అలవాటు మానుకోండి. డీఓఐ ఇవ్వదు, రచయితలు ఎక్కువైతే "అండ్ అదర్స్" అని కత్తిరిస్తుంది. పబ్లిషర్ పేజీ నుంచో, డీఓఐ నుంచో తెచ్చుకోవడం మేలు.

పెట్రిడిష్
సూపర్‌స్క్రిప్టు అన్నారు కదా. కాలనీ కౌంట్లు రాసేవాళ్ళకి ఇదొక గండం. "10⁶" తర్వాత 7వ రిఫరెన్సు పెడితే చూడ్డానికి 10⁶⁷ అయి కూర్చుంటుంది! యూనిట్ల పక్కన, ఘాతాంకాల పక్కన, జీన్ పేరు చివర అంకె ఉన్నచోట సైటేషన్ పెట్టొద్దు. రచయిత పేరు పక్కకో, వాక్యం చివరికో జరపండి.

చుక్కకి ముందా వెనకా అనేది జోటెరో చూసుకోదు, కర్సరు ఎక్కడుంటే అక్కడ పెడుతుంది. ఏఎంఏ తరహాలో చుక్క, కామాల తర్వాత అంకె, కోలన్, సెమీకోలన్‌లకి ముందు అంకె. ఏపీఏలో బ్రాకెట్ చుక్కకి ముందుండేది కాబట్టి స్టైల్ మార్చాక మీ అంకెలన్నీ చుక్కకి ఇవతలే ఉండిపోయి ఉంటాయి. బ్రాకెట్ ముందు వదిలిన ఖాళీ కూడా అలాగే మిగిలి, అంకె గాల్లో తేలుతుంటుంది. వర్డ్ ఫైల్లో చేత్తో చేయాల్సింది నిజంగా ఇదొక్కటే. ఫీల్డు మొత్తం సెలక్ట్ చేసి జరపండి, లోపలి అంకె ముట్టుకోకండి.

ఒకే చోట మూడు పేపర్లుంటే మూడూ ఒకే సైటేషన్ పెట్టెలో ఉండాలి. మూడు విడివిడి ఫీల్డులు పక్కపక్కన పెడితే 3, 4, 5 కలిసిపోయి ³⁴⁵ అవుతుంది.

వరంగల్_మిట్ట
ఇంత కష్టం దేనికండీ? అంగీకారం వచ్చాక పత్రికవాళ్ళ కాపీ ఎడిటర్లే దిద్దుతారు కదా. స్పెల్లింగుల కోసం ఎవరూ రిజెక్ట్ చేయరు.

ప్రూఫుల_పంతులు
@వరంగల్_మిట్ట, చుక్కలు, కామాలు, పేరు కుదింపు దిద్దుతారు, నిజమే. దానికి నిద్ర మానుకోనక్కర్లేదు. కానీ సంపుటి నంబరు తప్పైతే, వేరే పేపరు డీఓఐ పడితే, అసలు పేపరే లేకపోతే కాపీ ఎడిటర్ దిద్దలేడు. ప్రూఫులో "రచయిత సరిచూడాలి" అని ప్రశ్న వేసి మీకే పంపుతాడు.

లేని పేపర్లు ఎలా వస్తాయో దీనికి పేరుమోసిన ఉదాహరణ ఉంది. ఎల్సెవియర్ వాళ్ళ రచయితల సూచనల్లో రిఫరెన్సు ఎలా రాయాలో చూపించడానికి వాన్ డెర్ గీర్ అనే పేరుతో, 2000 సంవత్సరంతో ఒక ఊహాజనిత రిఫరెన్సు ఉండేది. అలాంటి పత్రికే లేదు. టెంప్లేటులో టైపు చేసేవాళ్ళు దాన్ని తీసేయడం మర్చిపోయి, ఆ "పేపరు"కి వందల సైటేషన్లు పడ్డాయి. 2017లో సంగతి బయటపడింది. ఇప్పుడు ఏఐ చాట్‌బాట్లు అంతకంటే నమ్మించేలా రాస్తున్నాయి. రచయితలు నిజమైనవాళ్ళు, పత్రిక నిజమైనది, పేపరు మాత్రం ఉండదు.

చేయాల్సింది ఇదీ. లిస్టు మొత్తం కాపీ చేసి క్రాస్‌రెఫ్ (డీఓఐలు నమోదు చేసే సంస్థ) వాళ్ళ "సింపుల్ టెక్స్ట్ క్వెరీ"లో పేస్ట్ చేయండి. ఉన్నవాటికి డీఓఐ చూపిస్తుంది. దొరకనివాటిని విడిగా వెతకండి. పాత పుస్తకాలకి, కొన్ని దేశీ పత్రికలకి డీఓఐ ఉండదు, అది సహజం. తర్వాత ప్రతి డీఓఐ నొక్కి, తెరుచుకున్న పేజీ మీద శీర్షిక అదేనా అని చూడండి. లింకు తెరుచుకుంటే చాలదు, సరైన పేపరు తెరుచుకోవాలి.

డీఓఐల్లో చిన్న ఉచ్చులు: చివర వాక్యం చుక్క కలిసి కాపీ అయితే తెరుచుకోదు. పాత పేపర్ల డీఓఐల్లో బ్రాకెట్లుంటాయి. 1963 నాటి రామచంద్రన్ ప్లాట్ పేపరు డీఓఐ మధ్యలో 63 చుట్టూ బ్రాకెట్లున్నాయి, తప్పనుకుని తీసేయకండి. 1990ల వైలీ పేపర్ల డీఓఐల్లోనైతే కోణాకారపు బ్రాకెట్లు, సెమీకోలన్లు కూడా ఉంటాయి. వర్డ్ వాటిని సగంలో తెంపి లింకు చేస్తుంది.

రిట్రాక్ట్ అయిన (అచ్చయ్యాక వెనక్కి తీసుకున్న) పేపర్లున్నాయేమో కూడా చూడండి. రిట్రాక్షన్ వాచ్ డేటాబేసులో ఉన్నవాటిని జోటెరో ఎర్రగా చూపిస్తుంది. లైబ్రరీలో హెచ్చరిక కనిపిస్తుంటే పట్టించుకోకుండా వదిలేయొద్దు. తప్పక ఇవ్వాల్సి వస్తే అది రిట్రాక్ట్ అయిందని వాక్యంలోనే రాయాలి.

కొలిమి
ప్రీప్రింట్లు (రివ్యూకి ముందే ఆన్‌లైన్‌లో పెట్టే పేపర్లు) కూడా. బయోఆర్కైవ్ నుంచి ఆర్నెల్ల కింద దించుకున్నది ఈపాటికి పత్రికలో వచ్చి ఉండొచ్చు. ఆ పేజీ తెరిస్తే అచ్చయిన పేపరుకి లింకు పైనే ఉంటుంది. వచ్చి ఉంటే అదే ఇవ్వండి, కానీ మీరు ఎత్తుకున్న అంకె అచ్చయిన దాంట్లోనూ అలాగే ఉందో లేదో చూసి మరీ. రివ్యూలో అంకెలు మారుతుంటాయి. రాకపోతే ఐటమ్ టైప్ "ప్రీప్రింట్" అనే ఉంచండి, జర్నల్ ఆర్టికల్‌గా మార్చొద్దు.

నాచు_పచ్చ
దాదాపు అన్నీ కుదిరాయి. ఒక్కటి తేలలేదు. టేబుల్ 2లో మాత్రమే వచ్చే రిఫరెన్సులు కొన్ని ఉన్నాయి. టేబుళ్ళు ఫైలు చివర ఉండాలని పత్రిక అంటోంది. అక్కడ పెడితే ఆ రిఫరెన్సులకి ఆఖరి నంబర్లు పడుతున్నాయి. ఇది సరైనదేనా?

గోదారి_గట్టు
సరైనది కాదు. ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) నియమం ప్రకారం, టేబుల్లోనో బొమ్మ కింది వివరణలోనో మాత్రమే వచ్చే రిఫరెన్సులకి, ఆ టేబుల్ ప్రస్తావన వ్యాసంలో మొదటిసారి ఎక్కడ వస్తుందో అక్కడి వరుస ప్రకారం నంబర్లు పడాలి. "టేబుల్ 2 చూడండి" అన్న వాక్యానికి ముందు ఆఖరి నంబరు 24 అయితే, టేబుల్లోవి 25 నుంచి మొదలవ్వాలి.

జోటెరో ఫైల్లో భౌతికంగా ముందేది వస్తే దానికి ముందు నంబరు ఇస్తుంది. అందుకని పని నడుస్తున్నంత కాలం టేబుల్‌ని ఆ పేరా కిందే ఉంచండి. టెక్స్ట్ బాక్సులో పెట్టొద్దు, మామూలు టేబుల్‌గానే ఉండనివ్వండి. అంతా అయ్యాక ఆఖరి కాపీలో చివరికి జరుపుదురు గాని.

ప్రూఫుల_పంతులు
ఆ ఆఖరి కాపీ వరుస ఇది: ట్రాక్ ఛేంజెస్ అన్నీ యాక్సెప్ట్ చేయండి. రిఫ్రెష్ నొక్కండి. ఫైలుని వేరే పేరుతో సేవ్ చేయండి. ఆ కొత్త ఫైల్లో మాత్రమే "అన్‌లింక్ సైటేషన్స్" నొక్కండి. ఇది వెనక్కి రాని మార్పు, అసలు ఫైల్లో నొక్కితే రివిజన్‌కి మీకు మిగిలేది ఉత్త అక్షరాలే. ఇప్పుడు టేబుళ్ళు చివరికి జరపండి, నంబర్లు కదలవు. పీడీఎఫ్ తయారయ్యాక సమర్పణ సైటులో అది తెరిచి, 1 నుంచి చివరి దాకా ప్రతి అంకె వాక్యాల్లో మొదటిసారి వరుసగానే వస్తోందా అని ఒకసారి వేలు పెట్టి చూసుకోండి.

రివిజన్ వచ్చినప్పుడు అన్‌లింక్ చేయని ఫైలు తెరిచి అందులోనే మార్పులు చేయాలి. ఆ ఫైలు పేరులో "మాస్టర్" అని పెట్టి, కో-ఆథర్ గారికి కూడా చెప్పి ఉంచండి.